చెక్క చెక్కే రౌటర్‌కు రిలే: కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరగాలి?

పాలకొల్లు దగ్గర మా పెదనాన్నగారి అబ్బాయికి వడ్రంగి షెడ్డు ఉంది. ద్వారబంధాలు, తలుపు రెక్కలు, పూజగది తలుపుల మీద నగిషీ పని అక్కడ ఎక్కువగా జరుగుతుంది. ఆ పని కోసం మేమిద్దరం కూర్చుకున్న చిన్న సీఎన్‌సీ రౌటర్‌లో (కంప్యూటర్ చెప్పినట్లు చెక్కను చెక్కే యంత్రం) కట్టర్‌ను తిప్పడానికి వడ్రంగులు చేత్తో వాడే 710 వాట్ల ట్రిమ్మర్‌నే బిగించాము. కట్టర్ ఎటు కదలాలో, ఎంత లోతుకు దిగాలో ఆర్డ్వినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది కానీ, ట్రిమ్మర్‌ను వేయడమూ ఆపడమూ మాత్రం పక్కనున్న మనిషి పనే. టేకు పలక మీద లతల డిజైన్ కొట్టడానికి గంటల తరబడి పడుతుంది. డిజైన్ పూర్తయ్యాక కూడా ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా ట్రిమ్మర్ తిరుగుతూనే ఉంటుంది, దాని కార్బన్ బ్రష్షులు అరుగుతూనే ఉంటాయి. ట్రిమ్మర్ వేయకుండా ప్రోగ్రాము మొదలుపెడితే నష్టం ఇంకా ఎక్కువ. తిరగని కట్టర్ చెక్కలోకి దిగబడి విరుగుతుంది. ప్రోగ్రామే ట్రిమ్మర్‌ను కూడా వేసి ఆపేటట్లు రిలే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) కట్టాలని అందుకే అనుకున్నాము.

ఇంటర్నెట్‌లో దీనికి బొమ్మలు బోలెడు దొరుకుతాయి. ఆర్డ్వినో నుంచి మూడు తీగలు రిలే మాడ్యూల్‌కు, అక్కడి నుంచి రెండు తీగలు ట్రిమ్మర్‌కు. ఆ బొమ్మల్లో ఇంతకు మించి ఏమీ ఉండదు. మేము గీసుకున్న బొమ్మా అలాంటిదే. దానిని రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) ప్యానెళ్లు కట్టే ఎలక్ట్రీషియన్ ఒకాయనకు చూపిస్తే, ఆయన తీగల జోలికే పోలేదు. “కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఇది దానంతటదే తిరగాలాండి, తిరక్కూడదాండి? ముందు అది చెప్పండి, తక్కింది తర్వాత చూద్దాం” అన్నారు.

ఆ ప్రశ్న ఆయన నోట అంత సులువుగా రావడానికి కారణం ఉంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులలో రాత్రిపూట ఏరేటర్లు ఆగిపోతే నీటిలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి. మోటారు స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ ఉన్నది, కరెంటు పోయినప్పుడు స్టార్టర్ విడిపోయి, మళ్లీ మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలకుండా ఉండడానికి. చెరువు గట్టున రాత్రంతా ఎవరూ కూర్చోలేరు కాబట్టి రైతులు ఆ కాపుదలను పక్కకు నెట్టి, కరెంటు రాగానే పచ్చ బటన్ పని తానే చేసే ఆటో స్టార్టర్లు పెట్టించుకుంటారు. పొలం మోటార్లకూ అదే అలవాటు. చెరువు మీద ఆ సదుపాయం లేకపోతే పంట పోతుంది. షెడ్డులో అదే సదుపాయం ఉంటే, కరెంటు లేని సమయంలో కట్టర్ మార్చడానికి చేయి పెట్టినవాడి వేళ్లు పోతాయి. నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరిగే మోటారు అది. అన్నయ్య వెంటనే “తిరక్కూడదండి” అన్నాడు. ఆ ఒక్క మాటతో మా బొమ్మ సగానికి పైగా మారిపోయింది.

కరెంటు పోయినప్పుడు ఈ యంత్రంలో ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ప్రమాదమంతా అక్కడే ఉంది. యంత్రాన్ని నడిపించే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది. ఆర్డ్వినో ఆ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. కాబట్టి షెడ్డులో దీపాలు ఆరిపోయినా ఆ రెండూ బతికే ఉంటాయి, ప్రోగ్రాము వరుస తర్వాత వరుస చదువుకుంటూ పోతూనే ఉంటుంది, ట్రిమ్మర్‌ను వేయమనే సంకేతం కూడా అలాగే నిలిచి ఉంటుంది. ఆగిపోయేవి కట్టర్‌ను అటూ ఇటూ జరిపే స్టెప్పర్ మోటార్లు, ట్రిమ్మర్ మాత్రమే. కట్టర్ ఎక్కడ ఉందో తెలుసుకునే సాధనం ఈ చిన్న యంత్రాలలో లేదు గనుక, కదలని మోటార్లు కదులుతున్నాయనే జీఆర్‌బీఎల్ లెక్క వేసుకుంటుంది. అయిదు నిమిషాలకు కరెంటు వచ్చిందంటే, ట్రిమ్మర్ ఒక్కసారిగా తిరగడం మొదలవుతుంది, స్టెప్పర్లు డిజైన్‌లో ఎక్కడో మధ్య నుంచి అందుకుంటాయి, కట్టర్ మాత్రం పాత చోటే ఉంటుంది. పలక పాడవడం అందులో చిన్న నష్టం.

ఇక సంకేతం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. యంత్రానికి ఆదేశాలు రాసే జీ-కోడ్‌లో ఎం3 అంటే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే మోటారు, మా దగ్గర ట్రిమ్మర్) తిప్పమని, ఎం5 అంటే ఆపమని. జీఆర్‌బీఎల్ ఎం3 చదివినప్పుడు ఒక పిన్ మీద 5 వోల్టులు వస్తాయి, ఎం5 చదివితే పోతాయి. ఆ పిన్ ఏదన్న దగ్గరే చాలామంది తికమకపడతారు. ఆర్డ్వినో మీద కూర్చునే సీఎన్‌సీ షీల్డ్ అనే ఎర్ర బోర్డు మీద స్పిండిల్ ఎనేబుల్ అని ముద్రించిన చోటు డీ12 పిన్‌కు పోతుంది. ఆ ముద్ర పాత జీఆర్‌బీఎల్ నాటిది. వేగాన్ని కూడా మార్చగలిగేటట్లు తయారైన తర్వాతి వెర్షన్లలో, మేము వాడే 1.1లో కూడా, స్పిండిల్ సంకేతం డీ11కు మారింది, డీ12కు జడ్ లిమిట్ స్విచ్ (కట్టర్ పైకీ కిందికీ కదిలే హద్దును చెప్పేది) వచ్చింది. అంటే బోర్డు మీద రాసి ఉన్నచోట రిలే తగిలిస్తే ఎం3 ఎన్నిసార్లు ఇచ్చినా అది కదలదు.

పోనీ డీ11కే తగిలిద్దామంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. అది వేగానికి తగ్గట్టు సెకనుకు సుమారు వెయ్యిసార్లు వచ్చిపోయే సంకేతం. 30వ సెట్టింగ్‌లో గరిష్ఠ వేగం 1000 అని ఉండి, ప్రోగ్రాములో వేగం చెప్పే ఎస్‌ను ఎస్1000 అని ఇస్తే మాత్రమే 5 వోల్టులు నిలకడగా వస్తాయి. ఎస్500 ఇస్తే రిలే గీపెడుతుంది, లేదా పట్టీ పట్టనట్లు కొట్టుకుంటుంది. ఎస్ అసలే ఇవ్వకపోతే వేగం సున్నా అని అర్థం చేసుకుని పిన్ మీద ఏమీ పంపదు. మా ట్రిమ్మర్ వేగం దాని నెత్తిన ఉన్న చక్రంతో చేత్తో మార్చుకునేదే కాబట్టి, ప్రోగ్రాములోని కాన్ఫిగ్ ఫైలులో వేరియబుల్ స్పిండిల్ అన్న వరుసను పనిచేయకుండా చేసి, బోర్డులోకి మళ్లీ ఎక్కించాము. అప్పుడు డీ12 మామూలు ఆన్-ఆఫ్ పిన్ అవుతుంది, జడ్ లిమిట్ డీ11కు తిరిగి పోతుంది, షీల్డ్ మీది ముద్రా నిజమవుతుంది. ఫైలు జోలికి పోవడం ఇష్టం లేనివారు ఏ3 పిన్‌ను వాడుకోవచ్చు. కూలంట్ కోసం పెట్టిన ఆ పిన్ ఎం8తో వెలిగి, ఎం9తో ఆరుతుంది. దానికి వేగంతో నిమిత్తం లేదు.

ఆ పిన్‌కు రిలేను నేరుగా తగిలించకూడదు. బజారులో దొరికే నీలిరంగు 5 వోల్టుల రిలే కాయిల్ సుమారు 70 మిల్లీయాంపులు తీసుకుంటుంది. ఆర్డ్వినో పిన్ భరించగల గరిష్ఠ హద్దు 40 మిల్లీయాంపులు. ట్రాన్సిస్టర్, ఆప్టోకప్లర్ ఉన్న మాడ్యూల్ తీసుకుంటే ఆ బాధ తీరుతుంది కానీ, కొనేటప్పుడు చూడవలసినది ఇంకొకటి ఉంది. ఈ మాడ్యూళ్లలో చాలావాటికి సంకేతం సున్నాకు పడితే రిలే పట్టుకుంటుంది, 5 వోల్టులు వస్తే వదులుతుంది. జీఆర్‌బీఎల్ లేవగానే స్పిండిల్ పిన్‌ను సున్నాలో పెడుతుంది. ఆ మాడ్యూల్‌ను అలాగే తగిలిస్తే, ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ పెట్టీ పెట్టగానే ఎవరూ అడగకుండానే ట్రిమ్మర్ లేస్తుంది. దీనికి విరుగుడుగా కొందరు తీగను రిలేలో మామూలుగా మూసి ఉండే కాంటాక్టుకు మారుస్తారు. అది మరీ అపాయం. అప్పుడు మాడ్యూల్‌కు కరెంటు లేకపోయినా, సంకేతం తీగ ఊడిపోయినా ట్రిమ్మర్ తిరుగుతుంది. హై, లో అని మార్చుకునే జంపర్ ఉన్న మాడ్యూల్ తెచ్చి, జంపర్‌ను హై వైపు పెట్టి, మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టునే వాడాము. తీగ తెగినా, బోర్డు చచ్చినా, ప్రోగ్రాము బిగుసుకుపోయి రీసెట్ అయినా ట్రిమ్మర్ ఆగిపోవాలన్నదే లెక్క.

రిలే మీద 10 యాంపులు, 250 వోల్టులు అని ఉంటుంది. 710 వాట్ల ట్రిమ్మర్ 230 వోల్టుల దగ్గర తీసుకునేది 3 యాంపులే కదా అనిపిస్తుంది. ఆ 10 యాంపులు హీటర్ లాంటి లోడుకు చెప్పిన మాట. బ్రష్ మోటారు లేచేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది, ఆగేటప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. ఆ వేడికి కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతే ఎం5 ఎన్నిసార్లు ఇచ్చినా ట్రిమ్మర్ ఆగదు. కదిలే కాంటాక్టులు లేని సాలిడ్ స్టేట్ రిలే పెడితే నిప్పురవ్వ ఉండదన్నారు కొందరు. కానీ అది పాడైనప్పుడు ఎక్కువగా షార్ట్ అయి, వేసినట్లే ఉండిపోతుంది. తిరక్కూడదని నిర్ణయించుకున్నాక దానిని ఎంచుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఎలక్ట్రీషియన్ గారి దృష్టిలో ఇది అసలు సమస్యే కాదు. ఆయన సంచిలో కాంటాక్టర్లు (మోటార్ల లోడును మోసే పెద్ద రిలేలు) ఎప్పుడూ ఉంటాయి. రిలేతో ట్రిమ్మర్‌ను కాకుండా కాంటాక్టర్ కాయిల్‌ను నడపాలి, ట్రిమ్మర్ బరువు కాంటాక్టర్ మోస్తుంది. మోటారు లోడుకు 9 యాంపుల రేటింగ్ ఉన్న చిన్న కాంటాక్టర్ ఈ పనికి ఎక్కువే. చెరువుల ప్యానెళ్లలో త్రీ ఫేజు మీద నడిచే 415 వోల్టుల కాయిల్ రకం తరచుగా ఉంటుంది కాబట్టి, పాత ప్యానెల్ నుంచి తీసిన కాంటాక్టర్ ఎవరైనా చేతిలో పెడితే ముందు కాయిల్ మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి. సింగిల్ ఫేజు షెడ్డుకు 230 వోల్టుల కాయిలే కావాలి.

చివరకు కట్టింది ఇలా ఉంది. మీటరు వైపు నుంచి వచ్చిన ఫేజు, న్యూట్రల్ ముందు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీలోకి (కరెంటు లీకైతే తెంచే స్విచ్), ఆ తర్వాత ఎంసీబీలోకి (లోడు మించితే తెంచే స్విచ్), అక్కడి నుంచి మొదటి కాంటాక్టర్‌లోకి పోతాయి. ఈ మొదటి కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే దారిలో పుట్టగొడుగు ఆకారపు ఎర్ర బటన్, దాని తర్వాత పచ్చ బటన్ వరుసగా ఉన్నాయి. పచ్చ బటన్‌కు అడ్డంగా కాంటాక్టర్‌లోని 13, 14 నంబర్ల కాంటాక్టు కలిసి ఉంటుంది. పచ్చ బటన్ నొక్కి వదిలినా కాంటాక్టర్ తన కాంటాక్టుతో తననే పట్టుకుని ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా పట్టదు. రైతులు చెరువు గట్టున వద్దనుకున్న నో-వోల్ట్ కాపుదల మాకు ఇక్కడ కావలసి వచ్చింది. రెండవ కాంటాక్టర్‌కు కరెంటు మొదటి దాని తర్వాతనే అందుతుంది. రెండవ దాని కాయిల్‌కు పోయే ఫేజు రిలే కాంటాక్టు గుండా పోయి కాయిల్ ఒక కొస అయిన ఏ1కు చేరుతుంది, రెండో కొస ఏ2 న్యూట్రల్‌కు పోతుంది (ఇవి ఆర్డ్వినో పిన్‌లు కావు, కాంటాక్టర్ మీది గుర్తులు). ఆ కాంటాక్టర్ నుంచి ట్రిమ్మర్ సాకెట్‌కు తీగ. ట్రిమ్మర్ మీది స్విచ్ మాత్రం ఎప్పుడూ వేసే ఉంటుంది. కట్టర్ మార్చేటప్పుడు సాకెట్ నుంచి ప్లగ్ పీకి తీరాలని షెడ్డులో నియమం.

మొదటి కాంటాక్టర్ వదిలేసిన సంగతి ఆర్డ్వినోకు కూడా తెలియాలి, లేకపోతే బ్యాటరీ మీద బతికి ఉన్న ప్రోగ్రాము గాలిలో చెక్కుకుంటూ పోతుంది. జీఆర్‌బీఎల్‌లో ఆర్డ్వినో ఏ0 పిన్‌ను గ్రౌండ్‌కు కలిపితే పని రద్దయి, స్పిండిల్ సంకేతం కూడా పడిపోతుంది. మొదటి కాంటాక్టర్‌లో పట్టినప్పుడు తెరుచుకుని, వదిలినప్పుడు మూసుకునే అదనపు కాంటాక్టును ఏ0కు, గ్రౌండ్‌కు మధ్య కలిపాము. ఆ పిన్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోతే పక్క తీగల గందరగోళానికి కూడా పని రద్దవుతుంది. ఇప్పుడు కరెంటు పోతే పని పోతుంది, నిజమే. కట్టర్‌ను మళ్లీ మూలకు తెచ్చి, సున్నా చూసుకుని మొదలుపెట్టాలి. గుడ్డిగా కొనసాగడం కన్నా అదే నయం.

తీగల వరుసలో ఎక్కడా న్యూట్రల్‌ను ఒంటరిగా తెంచకూడదు, తెంచేది ఫేజునే. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే ఫేజు కుడి వైపు ఉండాలి కానీ, పాత షెడ్లలో తారుమారైన సాకెట్లు చాలా కనిపిస్తాయి కాబట్టి టెస్టర్ పెట్టి చూడకుండా నమ్మడానికి లేదు. ఎర్తింగ్ తీగ ఏ కాంటాక్టర్ గుండానూ పోకుండా నేరుగా సాకెట్‌కు, యంత్రం ఇనుప చట్రానికి పోవాలి.

ట్రిమ్మర్‌కు బదులు వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే పరికరం) నడిచే స్పిండిల్ ఉన్నవారికి ఈ పద్ధతి పనికిరాదు. వీఎఫ్‌డీకి, స్పిండిల్‌కు మధ్య కాంటాక్టర్ పెట్టి నడుస్తుండగా తెంచితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. వీఎఫ్‌డీకి తిప్పు, ఆపు అని చెప్పడానికి చిన్న టెర్మినళ్లు ఉంటాయి. హువాన్యాంగ్ రకంలో ఎఫ్‌ఓఆర్, డీసీఎం అనే రెండింటిని రిలే కాంటాక్టుతో కలపాలి, పీడీ001 అన్న సెట్టింగ్‌ను 1కి మార్చాలి. అంతే, అక్కడ 230 వోల్టుల ఊసే రాదు. లోపలి కెపాసిటర్లు స్విచ్ కట్టేశాక కూడా కొన్ని నిమిషాలు చార్జితో ఉంటాయి గనుక వెంటనే మూత విప్పకూడదు.

ప్రోగ్రాము వైపు మార్పులు తక్కువే. కట్టర్ పైన ఉండగానే ఎం3 ఇచ్చి, తర్వాత జీ4 పీ3 అని మూడు సెకన్లు ఆగమనాలి, ఆ తర్వాతే చెక్కలోకి దిగాలి. జీఆర్‌బీఎల్‌లో ఆ పీ విలువ సెకన్లలో ఉంటుంది. మిల్లీసెకన్లలో లెక్కించే వేరే కంట్రోలర్‌కు రాసిన ఫైలులో పీ3000 అని ఉంటే మన యంత్రం యాభై నిమిషాలు నిలబడిపోతుంది. ఇంకో సంగతి, పని మధ్యలో ఫీడ్ హోల్డ్ నొక్కితే ఆగేది కదలిక మాత్రమే, ట్రిమ్మర్ ఆగదు. కట్టర్ దగ్గరకు చేయి పోవాలంటే ఎర్ర బటన్ తప్ప వేరే దారి లేదని పక్కనే పెద్దక్షరాలతో రాసి పెట్టాము.

కాంటాక్టర్ వదిలినప్పుడల్లా లేచే తాకిడికి యూఎస్‌బీ తెగిపోవడం ఈ యంత్రాలలో మామూలు ఫిర్యాదు. కాంటాక్టర్ కాయిల్ ఏ1, ఏ2లకు అడ్డంగా 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ వరుసగా కలిపి పెడితే అది చాలావరకు అణగిపోతుంది. సంకేతాల తీగలను 230 వోల్టుల తీగల పక్కన పడుకోబెట్టకుండా దూరంగా తీసుకుపోవాలి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి. మా ప్రాంతంలో దీనికి తోడు తేమ ఒకటి. వర్షాకాలంలో టెర్మినళ్లకు చిలుము పడుతుంది, రంపపు పొట్టు ఆ తేమను పీల్చి ముద్దవుతుంది, వెచ్చగా ఉండే కాంటాక్టర్‌లోకి చీమలు చేరి కాంటాక్టుల మధ్య నలిగి అడ్డుపడతాయి. ఎలక్ట్రీషియన్ గారు తీగ కొసలకు లగ్గులు నొక్కి, పెట్టెకు తీగలు వచ్చే ప్రతి కంతకూ గ్లాండు బిగించి, మిగిలిన ఒక కంతను గుడ్డ ముక్కతో మూయబోయిన అన్నయ్యను వారించి, “చీమకు గుడ్డ అడ్డమాండి?” అంటూ సిలికాన్ పెట్టించారు.

ట్రిమ్మర్ తగిలించే ముందు సాకెట్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి పరీక్షించాము. ఎం3కి వెలిగింది, ఎం5కి ఆరింది. అది ఎవరైనా చూసే పరీక్షే. బల్బు వెలుగుతుండగా యూఎస్‌బీ పీకడం, రిలే సంకేతం తీగ ఊడదీయడం, ఎంసీబీ కట్టి మళ్లీ వేయడం, ఎర్ర బటన్ నొక్కి తిప్పి వదలడం, ఇవి అసలు పరీక్షలు. ప్రతిసారీ బల్బు ఆరాలి. ఎంసీబీ వేసినా, ఎర్ర బటన్ వదిలినా పచ్చ బటన్ నొక్కేదాకా అది వెలగకూడదు. పచ్చ బటన్ నొక్కాక కూడా మళ్లీ ఎం3 అందేదాకా వెలగకూడదు.

పొట్టు లాగే వాక్యూమ్‌కు కూడా ఇలాగే కట్టడం ఇప్పుడు మిగిలింది. ఏ3 పిన్ ఖాళీగా ఉంది కాబట్టి ఎం8, ఎం9లతో ఇంకో రిలే, ఇంకో కాంటాక్టర్ నడుస్తాయి, కరెంటు దానికి కూడా మొదటి కాంటాక్టర్ తర్వాతి నుంచే తీసుకోవాలి. ట్రిమ్మర్, వాక్యూమ్ ఒకేసారి లేస్తే ఎంసీబీ పడవచ్చు గనుక ముందు ఎం8 ఇచ్చి, రెండు సెకన్లు ఆగి ఎం3 ఇవ్వాలి. చివర్లో ఎం5 తర్వాత పది సెకన్లు ఆగి ఎం9 ఇస్తే గొట్టంలో మిగిలిన పొట్టు కూడా సంచిలోకి చేరుతుంది.